కొత్త పంతులు పక్కన ఎవరున్నారు?

పొద్దున ఆరింటికి బడి తెరిచేవారు. అందరికన్నా ముందొచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడి చేతిలో సున్నా చుట్టేవారు, మెప్పూ లేదు తిట్టూ లేదని. మూడోవాడికి బెత్తంతో మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చినవాళ్లకు ఒక్కొక్కటే పెరుగుతూ పోయేది. బళ్లారి కలెక్టర్ ఎ.డి. క్యాంబెల్ 1823 ఆగస్టులో మద్రాసు రెవెన్యూ బోర్డుకు రాసిన నివేదికలో వీధి బడి రోజు ఇలా మొదలవుతుంది.

ఆ నివేదిక రాయించినవాడు మద్రాసు గవర్నర్ థామస్ మన్రో. ప్రెసిడెన్సీలో బడులెన్ని, చదివేవాళ్లెందరు లెక్క తీయమని 1822 జూన్‌లో ఉత్తర్వు ఇచ్చాడు. జిల్లాల అంకెలన్నీ కూడితే 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు తేలారు. అందులో బళ్లారి జిల్లా వాటా 533 బడులు, 6,641 మంది పిల్లలు. ఇవాళ్టి అనంతపురం ప్రాంతం అప్పటికి బళ్లారి జిల్లాలోనే ఉంది. అందుకే ఆ 533లో కన్నడ బడులు 235 అయితే తెలుగు బడులు 226. మిగతావి మరాఠీ, సంస్కృతం, పారసీ, తమిళం. ఇంగ్లిషు బడి ఒక్కటంటే ఒక్కటి.

క్యాంబెల్‌కు తెలుగు బాగా వచ్చు. 1816లోనే తెలుగు వ్యాకరణం అచ్చువేసినవాడు. బడి అరుగు మీద ఏం జరుగుతోందో చెవిన పడితే అర్థమయ్యే మనిషి కాబట్టే అంకెల దగ్గర ఆగిపోకుండా లోపలి పద్ధతి కూడా రాశాడు. పిల్లల్ని మామూలుగా నాలుగు జట్లుగా కూర్చోబెడతారని, కింది జట్లను పెద్ద పిల్లలు చూసుకుంటారని, పై జట్లను పంతులు స్వయంగా చూస్తాడని, అయినా ఆయన కన్ను బడి మొత్తం మీదా ఉంటుందని వివరించాడు. ముందున్నవాడు వెనకున్నవాడికి నేర్పడం, నేర్పుతూ తన చదువును గట్టి చేసుకోవడం అతనికి ఎంతో నచ్చింది. ఇంగ్లండు ఈ పద్ధతిని అనుకరించిందంటే ఆ గౌరవానికి ఇది తగినదేనని రాశాడు.

కొత్త ఉపాధ్యాయుడికి తోడు అనే మాట చరిత్రను మన వైపు నుంచి వెతికితే మొదట దొరికేది ఈ అరుగే. ఓనమాలు దిద్దించే పెద్ద పిల్లవాడికి తాను శిక్షణ పొందుతున్నానని తెలియదు. కానీ చిన్నవాడి వేలు పట్టి ఇసుకలో అక్షరం తిప్పిస్తున్నప్పుడు, వాడు తప్పుతున్నప్పుడు, మొండికేసినప్పుడు ఏం చేయాలో పక్కనే పంతులు ఉండగా నేర్చుకున్నాడు. తమిళనాట అలాంటి పెద్ద పిల్లవాణ్ని చట్టాంపిళ్లై అనేవారు. వాడికి ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు. తడబడితే సరిదిద్దే మనిషి మాత్రం పది అడుగుల దూరంలోనే ఉన్నాడు.

ఆ అరుగును అందంగా చూపించి ఊరుకోవడం న్యాయం కాదు. బళ్లారిలోని 6,641 మందిలో ఆడపిల్లలు 60 మంది. ఊరి బయట ఉంచిన కులాల పిల్లలకు ఆ అరుగు ఎక్కే దారి చాలావరకు లేదు. బెత్తం సంగతి ముందే చెప్పుకున్నాం. అయినా ఒక మనిషి బోధకుడిగా ఎలా తయారవుతాడన్న ప్రశ్నకు ఆ బడి దగ్గర ఒక జవాబు ఉంది. ఆ జవాబు సముద్రం దాటి వెళ్లి, రూపం మార్చుకుని, మళ్లీ మద్రాసుకే తిరిగొచ్చింది. వచ్చేటప్పుడు అందులోని ముఖ్యమైన భాగం ఒకటి దారిలో జారిపోయింది.

సముద్రం దాటించినవాడు స్కాట్లాండులోని సెయింట్ ఆండ్రూస్ ఊరివాడు, ఆండ్రూ బెల్. 1787లో ఇండియాకు వచ్చాడు. 1789లో మద్రాసు ఎగ్మూరులోని మగపిల్లల అనాథ శరణాలయానికి అధిపతి అయ్యాడు. అక్కడ చదివేది సైనికుల పిల్లలు. జీతాల మీద పెట్టిన మాస్టర్ల తీరు బెల్‌కు నచ్చలేదు. ఒక పొద్దున గుర్రం మీద వెళ్తుంటే ఒక వీధి బడి కంటపడింది. పిల్లలు నేల మీద కూర్చుని ఇసుకలో వేళ్లతో అక్షరాలు రాస్తున్నారు. తన బడిలోనూ అలాగే చేయిద్దామని వెనక్కి తిరిగాడు. అక్షరాలు నేర్పే మాస్టరు అది కుదిరే పని కాదన్నాడు. బెల్ వాదించలేదు. జానీ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ల పిల్లవాణ్ని, ఒక సైనికుడి కొడుకును, పిలిచి ఆ తరగతి వాడికి అప్పగించాడు. మాస్టరు కుదరదన్నది పిల్లవాడు చేసి చూపించాడు.

ఈ పద్ధతిని విదేశీయులు గమనించడం అదే మొదటిసారి కాదు. 1623లో ఇక్కేరి వైపు ప్రయాణిస్తున్న ఇటలీ యాత్రికుడు పియెత్రో దెల్లా వాల్లె ఒక గుడి మండపంలో నలుగురు పిల్లలు నేల మీద సన్నటి ఇసుక పరుచుకుని, పాఠం రాగయుక్తంగా పాడుతూ లెక్కలు రాసుకోవడం చూసి తన లేఖల్లో రాశాడు. గురువు పక్కన లేకపోయినా ఒకరి మరుపును ఇంకొకరు సరిచేసుకుంటామని ఆ పిల్లలు చెప్పారట. నూట డెబ్బై ఏళ్ల తర్వాత బెల్ చూసిందీ అదే ఇసుక. తేడా ఏమిటంటే ఆయన దాన్ని పుస్తకంగా వేశాడు. 1796లో ఇంటికి వెళ్లి, మరుసటి ఏడాది ఎగ్మూరు ప్రయోగాన్ని లండన్‌లో ప్రచురించాడు. అదే సమయంలో జోసెఫ్ లాంకాస్టర్ అనే యువకుడు లండన్‌లో ఇలాంటి బడే నడిపి, ఒక్క మాస్టరుతో వెయ్యిమందికి చదువు చెప్పించవచ్చని చాటాడు. బెల్ పక్షాన ఇంగ్లండు అధికార చర్చి, లాంకాస్టర్ పక్షాన ఇతర క్రైస్తవ శాఖలు నిలిచి పోటీపడ్డాయి. ‘మద్రాస్ సిస్టమ్’ అన్న పేరు దేశదేశాలకు పాకింది. బెల్ ఇచ్చిన డబ్బుతో సెయింట్ ఆండ్రూస్‌లో 1833లో తెరిచిన బడి పేరు మద్రాస్ కాలేజీ. అది ఇప్పటికీ ఆ పేరుతోనే, ప్రభుత్వ ఉన్నత పాఠశాలగా నడుస్తోంది.

అయితే ఇంగ్లండు అరువు తెచ్చుకున్నది పెద్ద పిల్లవాణ్ని. పంతులు కన్నును కాదు. పది మంది జట్టును చూసుకునే పిల్లవాడి పక్కన పంతులు ఉండటం వేరు, వందలమంది ఉన్న హాలులో గంట కొట్టగానే కంఠస్థం చేయించే మానిటర్ వేరు. చవకగా చదువు చెప్పించే యంత్రం అన్న మోజులో బోధించేవాడు ఎలా ఎదుగుతాడన్న ప్రశ్న పక్కకు పోయింది. 1830లు వచ్చేసరికి ఆ మోజు తీరింది.

మరచిన ప్రశ్నను మళ్లీ పట్టుకున్నవాడు జేమ్స్ కే షటిల్‌వర్త్. మాంచెస్టర్ పేటల్లో కలరా రోజుల్లో పనిచేసిన డాక్టరు, తర్వాత ఇంగ్లండు విద్యాశాఖకు తొలి కార్యదర్శి. నార్‌ఫోక్‌లోని ఒక పేదల సత్రంలో మాస్టరు జబ్బుపడితే పదమూడేళ్ల కుర్రాడు బడి ఆగకుండా నడిపించిన సంగతి ఆయన కళ్లపడింది. హాలెండులో బడి పిల్లల్లోంచే ఉపాధ్యాయులను మలుస్తున్న తీరు చూసివచ్చాడు. 1846లో ఆయన తెచ్చిన ‘ప్యూపిల్ టీచర్’ ఏర్పాటులో పదమూడేళ్లు నిండిన పిల్ల లేదా పిల్లవాడు ఒక హెడ్‌మాస్టరు దగ్గర అయిదేళ్లు పని నేర్చుకోవాలి. మొదటి ఏడాది పది పౌన్లు, అయిదో ఏడు ఇరవై పౌన్లు భత్యం. హెడ్‌మాస్టరు రోజూ బడి వేళలకు ముందో తర్వాతో గంటన్నర వీళ్లకు కేటాయించాలి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఆ గంటన్నరకు హెడ్‌మాస్టరుకు ప్రభుత్వం డబ్బు ఇచ్చింది. ఒక ప్యూపిల్ టీచర్‌ను తీర్చిదిద్దుతుంటే ఏడాదికి అయిదు పౌన్లు, ఇద్దరైతే తొమ్మిది, ఆపైన ఒక్కొక్కరికి మూడు. కొత్తవాళ్లకు నేర్పడం పాతవాళ్ల మంచితనం మీద ఆధారపడే ఉపకారం కాదు, అదీ పనే, దానికీ కూలి ఉంటుందని ఒక ప్రభుత్వం ఒప్పుకుని కాగితం మీద అంకె వేసింది. 1862లో వచ్చిన కొత్త నియమావళి పిల్లల పరీక్షా ఫలితాలకు గ్రాంటును ముడిపెట్టి ఆ చెల్లింపులను ఎత్తేసేదాకా ఇది నడిచింది. ఫలితాలను బట్టి గ్రాంటు అనే ఆ జాడ్యం మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా అంటుకుంది.

అంతకుముందే, 1854 జూలై 19న, చార్లెస్ వుడ్ పేరుతో ప్రసిద్ధమైన విద్యా పత్రం ఇండియాకు వచ్చింది. దాన్ని విశ్వవిద్యాలయాల పుట్టుక కోసం గుర్తుపెట్టుకుంటారు. ఉపాధ్యాయుల గురించిన భాగాన్ని జాగ్రత్తగా చదివేవాళ్లు తక్కువ. ప్రతి ప్రెసిడెన్సీలో శిక్షణ బడులు పెట్టాలని, ఇంగ్లండు తరహాలోనే విద్యార్థి ఉపాధ్యాయులను ఎంపిక చేసి భత్యం ఇవ్వాలని, బడి వేళలు దాటాక వాళ్లకు నేర్పే మాస్టర్లకు చిన్న మొత్తమైనా చెల్లించాలని అందులో స్పష్టంగా ఉంది. తర్వాత వాళ్లను నార్మల్ స్కూలుకు, అంటే ఉపాధ్యాయ శిక్షణ బడికి పంపి, సర్టిఫికెట్ ఇచ్చి, బడికి వెళ్లాక చాలినంత జీతం ఇవ్వాలని కూడా ఉంది.

బళ్లారి అరుగు మీది పద్ధతి, ఎగ్మూరు మీదుగా లండన్ వెళ్లి, కే షటిల్‌వర్త్ చేతిలో ఒక వ్యవస్థగా మారి, వుడ్ పత్రంలో చుట్టుకుని ఇంటికి వచ్చిందన్నమాట.

ఇంటికి వచ్చాక నార్మల్ స్కూళ్లు నిలిచాయి. సర్టిఫికెట్లు నిలిచాయి. పక్కనుండి నేర్పే మాస్టరు, ఆయనకివ్వాల్సిన ఆ చిన్న చెల్లింపు మాత్రం మన దగ్గర వ్యవస్థగా వేళ్లూనుకోలేదు. మద్రాసులో 1856లో ప్రభుత్వ నార్మల్ స్కూలు మొదలైంది. అదే తర్వాత సైదాపేటకు తరలి టీచర్స్ కాలేజీగా పేరు తెచ్చుకుంది. 1882లో హంటర్ విద్యా కమిషన్ కూర్చునే నాటికి దేశం మొత్తంలో హైస్కూలు ఉపాధ్యాయులకు శిక్షణ కళాశాలలు రెండే: ఒకటి మద్రాసు, రెండోది లాహోరు. శతాబ్దం చివరికి రాజమండ్రిలోనూ శిక్షణ కళాశాల వచ్చింది. ఎల్.టి. అనే బోధన పట్టా ఉన్న మాస్టరు అంటే ఊళ్లో ఒక గౌరవం.

సైదాపేట చరిత్రలో తెలుగువాడికి ఆసక్తి కలిగించే ఒక పేజీ ఉంది. 1909లో మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఉద్యోగంలో చేరిన ఒక యువ అధ్యాపకుణ్ని 1910లో శిక్షణ కోసం సైదాపేటకు పంపారు. ముందు ఉద్యోగం, తర్వాత శిక్షణ. అక్కడ ఆయన తోటి శిక్షణార్థులకే మనస్తత్వశాస్త్రం మీద ఉపన్యాసాలు చెప్పాడు. అవి 1912లో పుస్తకంగా వచ్చాయి. ఆయనే సర్వేపల్లి రాధాకృష్ణన్. ఏటా సెప్టెంబరు 5న ఆయన పుట్టినరోజున పూలదండలు వేసుకుంటాం గానీ, ఆయన కూడా ఒకప్పుడు ఏడాది అనుభవమున్న కొత్త మాస్టరేనని, తోటి కొత్తవాళ్ల మధ్య కూర్చుని చెబుతూ నేర్చుకున్నాడని గుర్తుచేసుకునేవాళ్లు తక్కువ.

అందరూ రాధాకృష్ణన్‌లు కారు. శిక్షణ పూర్తిచేసి ఊరి బడికి వెళ్లినవాడికి ఏమవుతుందో ప్రభుత్వానికీ తెలుసు. వైస్రాయ్ కర్జన్ కాలంలో 1904లో వెలువడిన విద్యా తీర్మానం ఈ సమస్యను సూటిగానే ప్రస్తావించింది. కాలేజీలో నేర్చుకున్న పద్ధతులను కొత్త మాస్టరు బడిలో వాడకుండా వదిలేయవచ్చని, శిక్షణ లేని సహోద్యోగులు వాడనివ్వకుండా తమ యాంత్రికమైన దారిలోకి లాగేయవచ్చని హెచ్చరించింది. బయటికి వెళ్లినవాళ్లను అప్పుడప్పుడు మళ్లీ కాలేజీలో కలపాలని, ఇన్‌స్పెక్టర్లు కాలేజీతో చేయి కలపాలని సూచించింది. మంచి సూచనే. కానీ అందులో ఒక మార్పు కనబడుతుంది. 1823లో పాత పంతులు కొత్తవాణ్ని తయారుచేసే మనిషి. 1904కు వచ్చేసరికి పాత పంతులు కొత్తవాణ్ని చెడగొట్టే మనిషి. మన విద్యాశాఖల్లో ఈ రెండో చూపే ఎక్కువకాలం బతికింది. కొత్త పద్ధతులు పైనుంచి రావాలి, పాతవాళ్లు అడ్డుపడకుండా చూడాలి. ఊళ్లో ముప్ఫై ఏళ్లుగా మూడో తరగతి చెబుతున్న మనిషి దగ్గర కొత్తవాడు నేర్చుకోదగింది ఏదో ఉంటుందన్న ఊహ ఆ కాగితాల్లో కనిపించదు.

ఆ కాలంలో కొత్త మాస్టరు గదిలోకి వచ్చే పెద్దమనిషి ఇన్‌స్పెక్టరే. వచ్చేది తనిఖీకి. ఆయన వస్తున్నాడంటే గోడలకు సున్నం, పిల్లలకు ముందే కంఠస్థం చేయించిన జవాబులు. దీనికి భిన్నంగా ప్రవర్తించిన ఒకాయన తెలుగు చరిత్రలో ఉన్నాడు. ఉత్తర కోస్తా జిల్లాల బడులకు ఇన్‌స్పెక్టర్‌గా వచ్చిన జె.ఎ. యేట్స్. 1907 ప్రాంతంలో తరగతుల్లో కూర్చున్నప్పుడు ఆయనకు సందేహం వచ్చింది, జనం మాట్లాడే తెలుగుకూ పుస్తకాల్లోని తెలుగుకూ ఇంత తేడా ఎందుకని. ఆ సందేహాన్ని విశాఖపట్నం కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్ ముందు పెట్టాడు. జవాబు చెప్పగలిగినవాళ్లు గురజాడ అప్పారావు, గిడుగు రామమూర్తి అని తెలుసుకున్నాడు. ఆ గిడుగు 1880లో, పదిహేడేళ్ల వయసులో, పర్లాకిమిడి రాజావారి బడిలో చరిత్ర చెప్పడానికి చేరినవాడు. చేరిన పాతికేళ్లకు పైగా గడిచాక ఒక ఇన్‌స్పెక్టర్ ఆయన్ను పరీక్షించడానికి కాక అడిగి తెలుసుకోవడానికి వచ్చాడు. దాంతో బడిలో తెలుగు ఎలా చెప్పాలన్న చర్చ వ్యావహారిక భాషోద్యమంగా ఎదిగింది. తరగతి గదిలో ఇద్దరు పెద్దవాళ్లు పాఠం గురించి సమానంగా మాట్లాడుకుంటే ఎంత దూరం వెళ్లగలదో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

స్వాతంత్ర్యం తర్వాత బడుల సంఖ్య పెరిగింది, ఒంటరితనమూ పెరిగింది. ఒకే ఉపాధ్యాయుడు అయిదు తరగతులూ నడిపే బడి పల్లెల్లో మామూలైపోయింది. 1964-66 కొఠారీ కమిషన్ ఈ ఒంటరితనాన్ని గుర్తించి, ఒక ఉన్నత పాఠశాల చుట్టూ ఉన్న చిన్న బడులను కలిపే స్కూల్ కాంప్లెక్స్ ఆలోచన ఇచ్చింది. 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ ప్రతి ప్రాథమిక పాఠశాలకు కనీసం ఇద్దరు టీచర్లు ఉండాలంది. దాన్ని గదులు, నల్లబల్లల పథకంగానే చూశారు. నిజానికి కొత్త టీచరుకు మాట్లాడుకోవడానికి ఇంకో టీచరును ఇవ్వడమే అందులోని అతి విలువైన భాగం.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ దిశగా గట్టి ప్రయత్నం ఒకటి జరిగింది. బ్రిటన్ ప్రభుత్వ సాయంతో 1984లో చిన్నగా మొదలై 1989 నుంచి రాష్ట్రమంతటికీ విస్తరించిన ప్రాథమిక విద్యా పథకాన్ని ఆనాటి టీచర్లు ‘అప్పెప్’ అనే పిలుస్తారు. కొన్ని బడులకు కలిపి ఒక టీచర్ సెంటర్ పెట్టారు. చుట్టుపక్కల టీచర్లు అక్కడ చేరి పాఠాలు చెప్పి చూపించుకునేవారు, అట్టముక్కలతో, గింజలతో, పుల్లలతో సామగ్రి తయారుచేసుకునేవారు. పథకం డబ్బు ఆగాక ఆ కేంద్రాల ఊపూ తగ్గింది. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు ఇప్పటికీ జరుగుతున్నా, చాలాచోట్ల సర్క్యులర్లు చదవడం, లెక్కలు అప్పగించడంతోనే పూట గడిచిపోతుంది.

అదే రాష్ట్రంలో, అదే రోజుల్లో, కొత్త టీచర్లకు ఇంకో అనుభవమూ ఎదురైంది. 1980ల్లో స్పెషల్ టీచర్ల పేరుతో నెలకు 398 రూపాయల మీద నియామకాలు జరిగాయి. ఆ అంకె వాళ్లకు ఇంటిపేరులా అంటుకుపోయింది. ఆ సర్వీసుకు ఇంక్రిమెంట్ల కోసం దశాబ్దాలు తిరిగారు. తర్వాత కొన్ని డీఎస్సీల్లో ఎంపికైనవాళ్లను మొదటి రెండేళ్లు అప్రెంటిస్‌లుగా, స్టైపెండ్ మీద ఉంచారు. అప్రెంటిస్ అంటే పని నేర్చుకునేవాడు. వడ్రంగి దగ్గరైనా, కమ్మరి కొలిమి దగ్గరైనా అప్రెంటిస్‌కు ఒక మేస్త్రి ఉంటాడు. ఈ అప్రెంటిస్‌లకు మేస్త్రిని ఎవరూ ఇవ్వలేదు. పూర్తి తరగతి, పూర్తి బాధ్యత, సగం జీతం లాంటి స్టైపెండ్. ఎంతో చరిత్ర ఉన్న ఒక మంచి మాటను జీతం తగ్గించడానికి వాడుకోవడం అన్యాయం. సంఘాలు దానిపై పోరాడటం న్యాయమే. ఆ పోరాటంలో అప్రెంటిస్ పద్ధతి పోవడం మంచిదే అయింది గానీ, కొత్తవాడికి నేర్పేవాడు కావాలన్న అసలు సంగతి ఏ పక్షం డిమాండ్లలోనూ ముందుకు రాలేదు.

ఈ పరిస్థితి మనకొక్కరికే కాదు. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త డాన్ లోర్టీ 1975లో ప్రచురించిన ‘స్కూల్‌టీచర్’ పుస్తకంలో ఒక విచిత్రాన్ని చూపించాడు. డాక్టరు, వకీలు మెట్టుమెట్టుగా బరువెత్తుకుంటారు. టీచరు మాత్రం ఉద్యోగంలో చేరిన తొలిరోజే పాతికేళ్ల అనుభవమున్న టీచరుతో సమానమైన బరువు ఎత్తుకుంటాడు. తనకు తెలిసిన బోధన అంతా తాను విద్యార్థిగా బల్ల మీద కూర్చుని చూసిందే. అక్కడి నుంచి మాస్టరు చేతలు కనిపిస్తాయి, ఆలోచన కనిపించదు.

కొన్నిచోట్ల దీనికి గట్టి ఏర్పాట్లు వచ్చాయి. అమెరికాలోని టొలీడో నగరంలో 1981లో ఉపాధ్యాయ సంఘమే చొరవ తీసుకుంది. ఎంపికైన సీనియర్లను కొన్నేళ్లపాటు తరగతుల నుంచి తప్పించి కొత్తవాళ్లకు పూర్తికాలం అండగా పెట్టారు, తర్వాత వాళ్లు మళ్లీ తమ తరగతికి వెళ్లాలి. సంఘాలు బలంగా ఉన్న తెలుగు రాష్ట్రాలకు ఇది దగ్గరి ఉదాహరణ. జపాన్‌లో 1988లో చట్టం సవరించి 1989 నుంచి ప్రాథమిక పాఠశాలల్లో మొదలుపెట్టి, ప్రభుత్వ బడుల్లో చేరే ప్రతి కొత్త టీచరుకు మొదటి ఏడాది శిక్షణ తప్పనిసరి చేశారు. మొదట్లో నిర్ణయించిన కొలత ప్రకారం ఏడాదిలో 60 రోజులు బడిలోనే మార్గదర్శక టీచరు పర్యవేక్షణలో, 30 రోజులు బయటి కేంద్రాల్లో. అప్పటికే ఆ దేశంలో మెయిజీ కాలం నుంచి వస్తున్న ‘జుగ్యో కెన్‌క్యూ’ అలవాటు ఉంది. ఒకరు పాఠం చెబుతుంటే మిగతా టీచర్లు గదిలో నిలబడి పిల్లల్ని గమనించి, తర్వాత కూర్చుని చర్చిస్తారు. పాఠం అక్కడ ఒకరి సొంత రహస్యం కాదు. ఇంగ్లండు 1992లో ప్రొబేషన్ ఏడాదిని ఎత్తేసి, 1999లో కొత్త రూపంలో మళ్లీ పెట్టాల్సివచ్చింది.

అన్నింట్లోకి సూటిగా ఉన్న ఏర్పాటు స్కాట్లాండుది. 2001లో ఉపాధ్యాయుల జీతాలు, పని మీద కుదిరిన ఒప్పందం ఫలితంగా 2002 ఆగస్టు నుంచి, కోర్సు ముగించి ఈ పథకంలోకి వచ్చే కొత్త టీచరుకు ఏడాది ఉద్యోగం ఖాయం చేశారు. తరగతి బరువు మామూలు టీచరు బరువులో పదింట ఏడు వంతులే. మిగిలిన మూడు వంతుల సమయం నేర్చుకోవడానికి, ఇతరుల పాఠాలు చూడటానికి. నేర్పే సీనియర్‌కు కూడా వారంలో కొంత వేళ విడిగా లెక్కగట్టి ఇచ్చారు. ఆ ఏడు వంతులను తర్వాత పెంచారు, అది వెనకడుగే. అయినా సూత్రం నిలిచింది: కొత్తవాడికి సమయం కావాలి, ఆ సమయానికి ఖజానా నుంచి డబ్బు కట్టాలి. ఈ నియమం ప్రభుత్వ బడులన్నింటితోపాటు సెయింట్ ఆండ్రూస్‌లోని మద్రాస్ కాలేజీకీ వర్తిస్తుంది. మన అరుగు పేరు మోస్తున్న బడిలో కొత్త టీచరుకు పక్కన మనిషి ఉన్నాడు.

మన దగ్గర? 2020 జాతీయ విద్యా విధానం టీచర్లకు మార్గదర్శనం అందించే జాతీయ మిషన్ గురించి చెప్పింది. ఆ మిషన్ మొదలైంది కూడా. తెలంగాణ 2024 డీఎస్సీలో 11,062 పోస్టులు, ఆంధ్రప్రదేశ్ 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు ప్రకటించాయి. నియామక పత్రాలు సభలు పెట్టి ఇచ్చారు. ఏళ్ల తరబడి కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరిగిన పిల్లలు కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆ తర్వాతి సోమవారం సంగతి మాత్రం పాతదే. తాళంచెవి, హాజరు యాప్, మధ్యాహ్న భోజనం లెక్క, మూడు తరగతులు కలిసి కూర్చున్న ఒక గది, పుస్తకం చదవలేని అయిదో తరగతి పిల్లవాడు. వాడికి ఎక్కడ మొదలుపెట్టాలో అడగడానికి ఎవరూ లేని చోట ఒక ఎస్జీటీ తన తొలి ఏడాది మొదలుపెడుతుంది. ప్రొబేషన్ పేరుతో సర్వీసు రిజిస్టరులో కాలం లెక్కపడుతుంది, ఆ కాలంలో ఎవరు ఏం నేర్పారన్న గడి మాత్రం ఆ రిజిస్టరులో లేదు.

విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు. అయిదు పనిదినాలకు ఒక్క గంట చొప్పున లెక్కేసినా 40 గంటలు. ఒక సీనియర్ టీచరును వారానికి ఆ ఒక్క గంట తన తరగతి నుంచి విడిపించి కొత్త టీచరు గదిలో కూర్చోబెట్టడం, ఆ గంటకు భత్యం కట్టడం ప్రభుత్వాలకు మోయలేని భారం కాదు. కొత్తవాళ్లకు నేర్పే మాస్టర్లకు చెల్లించాలని 1854లో వుడ్ పత్రం రాసింది ఈ మొత్తం గురించే. అది ఈ రెండు రాష్ట్రాల బడ్జెట్లలో ఒక పద్దుగా రావాలి, ఉపాధ్యాయ సంఘాల కోరికల చిట్టాలో పీఆర్సీ పక్కనే ఉండాలి. అంతదాకా ఆగనక్కర్లేని పని కూడా ఒకటుంది. ఈ ఏడాది మీ మండలానికి కొత్తగా వచ్చిన టీచరు ఎవరో తెలుసుకుని, మీ తరగతికి ఒకసారి రమ్మని పిలవండి.